తగిన సమయం

పురావస్తు శాస్త్రవేత్తలంటే నాకు అపారమైన గౌరవం. గుప్పెడు బొగ్గు దొరికితే చాలు, ఆ పొయ్యి ఎన్నివేల ఏళ్ళ కిందట ఆరిందో చెప్పేస్తారు. తమ తవ్వకం రిపోర్టు ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేరు.

నియమాలు లేక కాదు. సొసైటీ ఫర్ అమెరికన్ ఆర్కియాలజీ 1996లో ఆమోదించిన నీతి సూత్రాల్లో, తెలుసుకున్నదాన్ని ‘తగిన సమయంలో’ అందరికీ అందించాలని ఉంది. ఎంత హాయైన మాట! తేదీ వేస్తే టెన్షన్. శతాబ్దాన్ని రెండు వేళ్ళ మందం మట్టిగా చూసేవాళ్ళకు ముప్పై ఏళ్ళ ఆలస్యం ఒక లెక్కా? అదే దేశంలోని వృత్తి పురావస్తు శాస్త్రవేత్తల రిజిస్టర్ మరీ కఠినం. తవ్వకం ముగిశాక 10 ఏళ్ళలో పూర్తి రిపోర్టు రాయకపోతే, అందరికన్నా ముందు రాసే హక్కు వదులుకున్నట్టే. రాయనివాడికి శిక్ష ఏమిటయ్యా అంటే, ఇక తొందరపడక్కర్లేదని!

“సార్, ఆ మూడో గుంత రిపోర్టు?” అని కుర్ర పరిశోధకుడు అడుగుతాడు.

“ఫైనల్ స్టేజ్ బాబూ. కుండపెంకుల బొమ్మలొక్కటే మిగిలాయి.”

కుర్రాడికి జుట్టు నెరుస్తుంది. బొమ్మలు మిగిలే ఉంటాయి. సార్ పోయాక అతను ఆయన స్టోర్‌రూమును పొరలు పొరలుగా తవ్వుతాడు. పై పొరలో వృత్తి నీతి మీద సార్ చేసిన ప్రసంగాలు, మంచి స్థితిలో. దాని కింద సెమినార్ బ్యాడ్జీల దట్టమైన నిక్షేపం. ఆ కింద ఎలుకల ఆవాసం, నిరంతరాయంగా. అట్టడుగున ఫీల్డ్ నోట్‌బుక్. అందులోది ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయిన లిపి. తరవాత తెలిసింది, అది సార్ దస్తూరీ.

నవ్వులాటకు అంటున్నానా? మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ అనే పురాతన స్థలాన్ని ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త రోలాండ్ ద వో 1951 నుంచి 1956 దాకా తవ్వారు. 1971లో పోయారు. తుది రిపోర్టు రాయనేలేదు.

తవ్విన చోటు మళ్ళీ తవ్వడానికి ఉండదు. ఏ పొర మీద ఏ పొర ఉందో, ఏ ఎముక పక్కన ఏ పూస ఉందో, తవ్వినవాడు రాస్తేనే మిగులుతుంది. రాయకపోతే అంతా పోయినట్టే. రాత్రిపూట గునపంతో వచ్చినవాణ్ణి దొంగ అంటాం, జైల్లో వేస్తాం. పగలు అనుమతి పత్రంతో వచ్చి, అంతా పెళ్ళగించి, ఒక్క ముక్క రాయకుండా పోయినవాడు చేసిన నష్టం తక్కువా? ఆ దొంగైనా నేను శాస్త్రవేత్తనని చెప్పుకోలేదు!

అన్నట్టు, కొత్త గుంతకు అనుమతి దరఖాస్తు మాత్రం గడువుకు ఒకరోజు ముందే వెళ్ళిపోతుంది.