సవరణ: అగ్నిపథ్ నిర్బంధ సేవ కాదు, జీతం లెక్క కూడా అది కాదు

వరంగల్, ములుగు, భూపాలపల్లి పిల్లల కోసం రాసిన ముందటి పోస్టులో, నాలుగేళ్ల కోసం జవాన్లను తీసుకునే సైనిక భర్తీ పథకం అగ్నిపథ్‌ను ‘నాలుగేళ్ల నిర్బంధ సైనిక సేవ’ అన్నాం. తప్పు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ అమల్లో లేదు. ప్రజా ప్రయోజనం కోసం తప్పనిసరి సేవ విధించే అధికారాన్ని రాజ్యాంగం 23(2) అధికరణ ప్రభుత్వానికి ఇచ్చింది. సైన్యంలో భర్తీకి మాత్రం దాన్ని వాడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1939లోనే 18 నుంచి 41 ఏళ్ల మగవాళ్లకు సేవ తప్పనిసరి చేసింది. అప్పుడు కూడా భారత సైన్యంలోని సుమారు 25 లక్షల మంది స్వచ్ఛందంగా చేరినవాళ్లే. ఆకలి తోలుకపోయినవాళ్లు అందులో ఎందరో, అది వేరే ముచ్చట.

అసలు పొరపాటు జీతం దగ్గర జరిగింది. మొదటి ఏడాది నెలకు ‘చేతికి 30,000’ అన్నాం. అది ప్యాకేజీ. అందులో 30 శాతం, అంటే 9,000, సేవానిధికి (నాలుగేళ్లు అయినంక ఒక్కసారే ఇచ్చే సొమ్ము) కోత పోతుంది, చేతికొచ్చేది 21,000. రెండో ఏడు 33,000కు 23,100, మూడో ఏడు 36,500కు 25,550, నాలుగో ఏడు 40,000కు 28,000. నాలుగేళ్ల కోత 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో సుమారు 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేదు. మొత్తం ప్రభుత్వమే ఇస్తుందన్న మా మాట కొట్టేయండి, సగం జవాను సొంత పైసలే. గ్రాట్యుటీ, పింఛను ఉండవు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి, అంటే పర్మనెంట్ కొలువులోకి తీసుకునేది ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకే. అప్పు తెచ్చి కోచింగ్‌కు కట్టే ఇంట్లో ఈ లెక్క ముందే వేసుకోవాలి.