నీళ్ల మూట

కోరిక పుట్టేది మనసుకు, మొయ్యాల్సింది మోకాళ్లు. యాభై దాటాక వీపున బ్యాగేసుకుని రోజుల తరబడి కొండలెంట నడవాలనుకునేవాళ్లందరి తంటా ఇదే. ముప్పై దాటిన దగ్గర్నుంచి కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతుంది. పోయిన కండ చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది కాబట్టి కాటా మీద ఆ తేడా కనపడదు.

అందుకే మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కడం మొదలెట్టాను. బ్యాగు బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని, కొత్తల్లో అందులో సగం చాలని నడిచేవాళ్లు అంటారు. నా లెక్కకి లీటర్ సీసాలు 8 వచ్చాయి. నీళ్లే ఎందుకంటే, టెర్రస్ మీద పారబోసి తేలిగ్గా దిగొచ్చు. ఎక్కేటప్పుడు ఆయాసమే. దిగేటప్పుడే తొడ కండరాలు సాగుతూ ఒంటి బరువుని ఆపాలి, నొప్పులన్నీ అక్కడ పుడతాయి. బరువు భుజాల మీద కాక తుంటి మీద పడాలని నడుం బెల్టు కూడా బిగించాను. తుంటి ఎక్కడుందో వెతకడానికే కాస్త టైమ్ పట్టింది.

రెండో అంతస్తులో ఎదురింటావిడ కనిపించింది.

"ఊరికా అన్నయ్యగారూ?"

"లేదండీ, పైకి."

"సామాను సర్దుకుని పైకా? ఇంట్లో ఏమన్నా గొడవా?"

"అబ్బే, ప్రాక్టీసండీ."

"వెళ్లిపోడానికి ప్రాక్టీసు కూడానా!"

నాలుగో అంతస్తు చేరేసరికి మా ఆవిడ ఫోను. "ఇల్లు వదిలి వెళ్తున్నారట కదా. పోతూ పోతూ ఆ చెత్త బుట్ట కూడా కింద పెట్టెయ్యండి."

టెర్రస్‌కి తాళం. తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర, సెక్రటరీ గారు ఊళ్లో లేరు. మెట్ల మీద పారబోద్దామంటే ఐదో అంతస్తువాళ్లు అప్పుడే తడిగుడ్డ పెట్టి లోపలికెళ్లారు. ఆలోచించి ఒక సీసా గటగటా తాగేశాను. నీళ్లు బ్యాగులోంచి పొట్టలోకి మారాయి తప్ప బరువు మాత్రం తగ్గలేదు. చేసేదేముంది, మొత్తం మోసుకునే దిగాను.

ఆ రోజంతా హుషారే. రాత్రి భోజనాల దగ్గర "ఇంకా రెండు రౌండ్లు వెయ్యగలను" అన్నాను కూడా. ఈ రకం నొప్పికి తొందర ఉండదు. ఒకటి నుంచి మూడు రోజుల్లోపు, తీరిగ్గా, పూర్తి బలంతో వస్తుంది. రెండో రోజు పొద్దున బాత్‌రూమ్‌లో కూర్చోవడం వరకూ బాగానే జరిగింది. లేవడానికి టవల్ కమ్మీని పట్టుకుంటే అది నాకంటే ముందు వచ్చేసింది.

కమ్మీకి మేకులు తేవాలి. లిఫ్టెక్కితే పరువు తక్కువ. ఎదురుగా దిగితే తొడలు ఒప్పుకోవడం లేదని, రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతున్నాను. పైనుంచి ఎదురింటావిడ వస్తోంది.

"తిరిగొచ్చేశారా అన్నయ్యగారూ?"

"లేదండీ, దిగుతున్నాను."

ఆవిడ నా మొహం చూసింది, కాళ్లు చూసింది, ఏమీ అనకుండా వెళ్లి లిఫ్టు బటన్ నొక్కింది.