లంకలో కౌంటింగు, కడపలో మా బావ
2024 సెప్టెంబర్ 22, ఆదివారం, శ్రీలంక ప్రెసిడెంట్ ఎలక్షన్ కౌంటింగ్ చూద్దామని కూర్చుంటే నేను తిప్పిన చానళ్లలో దాని ముక్కే లేదు, సరే ఫోన్లో చూస్తాంటే మా బావ పక్కన చేరినాడు. ముందున్న అభ్యర్థి దిసనాయకకు 42 శాతం వచ్చినా చాలదు బావా, సగం దాటాల, అందుకే వాళ్ల చరిత్రలోనే మొదటిసారి రెండో ప్రాధాన్యం ఓట్లు లెక్కపెడతాండారు అని ఉగ్గాణి ప్లేటు పక్కనపెట్టి మరీ చెప్తే, 'అంటే రిగ్గింగే కదప్పా' అంటాడు! బ్యాలెట్ మీద 1, 2, 3 అని తనకు నచ్చిన వరసలో ఓటరే రాస్తాడు సామీ అన్నా ఎక్కదే. ఇంకోపక్క మా అత్త, కుళాయికి నీళ్లు రాక మూడు రోజులాయ, లంకలో ఎవడు గెలిస్తే నీకేంది అని. అంతలో కరెంటు పాయె, వైఫై పాయె. సాయంత్రం బావే ఫోన్ చేసి, 'మీవాడు గెలిచినాడంట లే' అన్నాడు. నావాడు ఎప్పుడైనాడో!