రంగు పెంచమని నన్ను అడగకండి

పోర్ట్రెయిట్ ఆర్డర్ ఇవ్వడానికి వచ్చేవాళ్ళు సైజు అడుగుతారు, రేటు అడుగుతారు, ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతారు. లేచి వెళ్ళేముందు గొంతు తగ్గించి ఇంకో మాట అంటారు. "మేడమ్, అమ్మకి కాస్త రంగు పెంచండి. ఫోటోలో మరీ నల్లగా పడింది." ఆ మాట అనేవాళ్ళదీ అమ్మ రంగే. బెంగళూరులో నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్ళే. వాళ్ళకి అమ్మంటే ఎంత ప్రాణమో నాకు తెలుసు. అయినా సరే, రంగు మార్చాక ఆ గోడ మీద ఉండేది వాళ్ళమ్మ కాదు.

హిందూపురంలో మా మామయ్యకి సైన్‌బోర్డుల షాపు ఉండేది. బ్రష్ పట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఎన్‌టీఆర్ మా ఊరి నుంచి ఎమ్మెల్యేగా గెలుస్తున్న రోజులవి. 1985, 1989, 1994, ఏ ఎన్నికలొచ్చినా గోడల నిండా ఆయన ముఖమే. గళ్ళు గీసి చిన్న ఫోటోని గోడంత ముఖం చేయడం మామయ్య దగ్గర చూసి నేర్చుకున్నదే. అయితే ఆ షాపులో ముఖాల కోసం కలిపి పెట్టిన రంగు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. తెలుపులో కాస్త ఎరుపు, కాస్త పసుపు. నాయకుడికీ అదే, లక్ష్మీదేవికీ అదే, చీరల షాపు బోర్డు మీద అమ్మాయికీ అదే. ఆ బజారులో నడిచే మనుషులెవరిదీ ఆ రంగు కాదు. మా ఇంట్లో ఎవరిదీ కాదు. నాది అసలే కాదు.

అక్కడికి దగ్గర్లోనే లేపాక్షి. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపులతో ఎంత ఠీవిగా మనుషుల్ని నిలబెట్టారో మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. తర్వాత ఇక్కడికొచ్చి ఆర్ట్ కాలేజీలో చేరాను. స్పెయిన్ చిత్రకారుడు వెలాజ్‌క్వెజ్ 1650లో రోమ్‌లో గీసిన హువాన్ దె పరేహా చిత్రపు అచ్చుప్రతిని అక్కడి లైబ్రరీలో చూశాను. అసలు చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పరేహా ఆ చిత్రకారుడి దగ్గర బానిస. అదే ఏడాది అతనికి విడుదల పత్రం రాసిచ్చాడు. ఆ గోధుమ రంగు ముఖంలో ఎక్కడా ఎవరికీ తలవంచని చూపు! చామనఛాయని అంత గౌరవంగా గీయొచ్చని చూశాక నా దారి ఖాయమైపోయింది.

నల్లటి చర్మాన్ని గీయడం తేలికనుకుంటారు, గోధుమ రంగు ట్యూబు పిండి పూస్తే సరిపోతుందని. ఆ చర్మం మీద వెలుతురు మెత్తగా పరుచుకోదు. నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద పదునుగా మెరుస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఆ మెరుపులో ఆకాశపు నీలం ఉంటుంది. చెవి అంచులో, ముక్కుపుటం నీడలో ఎరుపు. మన గల్లీల్లో ఇళ్ళు ఆనుకుని ఉంటాయి కదా, ఎదురింటి ఆకుపచ్చ గోడ మీద పడిన ఎండ తిరిగొచ్చి దవడ కింద సన్నగా పడుతుంది. ఇదంతా పట్టుకోవడానికి నేను నల్ల ట్యూబు ముట్టుకోను. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపితే వచ్చే చీకటిలో లోతు ఉంటుంది, అటు వెచ్చగా ఇటు చల్లగా తిప్పుకోవచ్చు. ఇన్ని చేసిన ముఖం మీద రంగు పెంచడానికి తెల్లరంగు కలిపితే ఏమవుతుంది? బూడిద పూసినట్టు పాలిపోతుంది. ముందు మెరుపు చచ్చిపోతుంది, దాంతో ఎముక కట్టు పోతుంది, ఎముక కట్టు పోయాక పోలిక ఎక్కడ మిగులుతుంది?

"ఫోటోలో ఉన్నట్టు వెయ్యండి చాలు" అంటారు. ఏ ఫోటో? 1950ల నుంచి కొడక్ కంపెనీ కలర్ ఫోటోల రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన షర్లీ కార్డులనే నమూనా ఫోటోల మీద చాలాకాలం ఉన్నది తెల్లని అమ్మాయి. ఆమె ముఖం బాగా వస్తే అందరివీ బాగా వచ్చినట్టే. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో మన స్టూడియోల్లో ముఖానికి పౌడర్ పూయించి, నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఫోనే చేసిపెడుతోంది. నా చేతికొచ్చే ఫోటోలో మనిషి రంగు అప్పటికే సగం పోయి ఉంటుంది. ఇంకా పెంచమంటే నేనెక్కడికి పోవాలి?

రవివర్మ అంటే నాకు భక్తి. నూనె రంగుల్లో పట్టుచీర జరీని అలా మెరిపించినవాళ్ళు ఎంతమంది? కానీ 1894లో ఆయన ప్రెస్ మొదలయ్యాక ఇంటింటి గోడకీ చేరిన అచ్చుబొమ్మల్లో దేవతలు గులాబీ ఛాయలోనే కుదురుకున్నారు. నల్లనయ్య అని ముద్దుగా పిలుచుకునే కృష్ణుణ్ణి కూడా క్యాలెండర్లలో లేత నీలం చేసేశాం. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ దక్షిణాది అంతా చూసి వెళ్ళాక 1937లో గీసిన 'బ్రహ్మచారులు' చిత్రం చూడండి. ఆ ముదురు ఒళ్ళు, వాటి పక్కన తెల్ల పంచెలు. నలుపు పక్కన తెలుపుకి కూడా విలువ పెరుగుతుందని ఆ చిత్రం ముందు ఒప్పుకోక తప్పదు.

ఒకావిడ నాతో గట్టిగానే వాదించారు. "మా అమ్మే తన రంగుకి బాధపడేది మేడమ్, రోజూ పౌడర్ రాసుకునేది. ఆమె కోరికే తీరుస్తున్నాం." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి ఆ తల్లి ఎవరెవరి చేత ఏమేం మాటలు పడిందో నాకు తెలియనివి కావు, నేనూ పడ్డాను. ఆ మాటలన్న వాళ్ళు పోయారు. ఇప్పుడామె కూతురే వాళ్ళ తరఫున రంగు దిద్దించాలా? ఆ ఆర్డర్ నేను తీసుకోలేదు.

అందుకే ముందే చెబుతున్నాను. మనిషి ఉంటే తీసుకురండి, పొద్దున్న వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి గీస్తాను, మాట్లాడుతూనే ఉండొచ్చు. పోయినవాళ్ళయితే ఉన్న ఫోటోలన్నీ తెండి, ఫిల్టర్ లేనివి, మసకవైనా పరవాలేదు. వాళ్ళ రంగు వచ్చిన కొడుకో కూతురో, చెల్లెలో కూడా వెంట రండి. ముఖం ఫోటోలో చూసుకుంటాను, రంగు మీ చర్మం మీద చూసి కలుపుకుంటాను. దీనికి ఒప్పుకుంటేనే అడ్వాన్స్ ఇవ్వండి.