బాల్చీ తన్నిన ఇంగ్లీషుకు మనమే దిక్కు

ఇంగ్లీషు భాష ఇప్పుడు ఎక్కడ క్షేమంగా ఉందని ఎవరైనా అడిగితే లండన్ అనో ఆక్స్‌ఫర్డ్ అనో చెప్పకండి. అది హైదరాబాదులో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో, చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఐదు రూపాయల భోజనం ముగించి, పెదాలు కదుపుతూ, ఒక్కో ఇడియమ్‌నీ పదేసి సార్లు వల్లె వేస్తోంది. నేను కళ్లారా చూసి వచ్చాను.

మా మేనల్లుడు గోదావరిఖని నుంచి వచ్చి, పోటీ పరీక్షల కుర్రాళ్ల అడ్డా అయిన అశోక్ నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. డిగ్రీ చదివినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ కొలువులిచ్చే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్షకు తయారవుతున్నాడు. మొదటి అంచెలో గంటలో 100 ప్రశ్నలు. అందులో ఇంగ్లీషువి 25. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. ఆ పాతికలో ఇడియమ్స్ మీద వచ్చేవి ఒకటో రెండో. ఆ ఒకటో రెండో ప్రశ్నల కోసం మావాడు బట్టీ పడుతున్న పుస్తకంలో పన్నెండు వందల ఇడియమ్స్ ఉన్నాయి. పోయిన ఆదివారం ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వు అడుగు మామా, నేను చెప్త" అన్నాడు.

రెండు గంటలు అడిగాక నాకో సంగతి తట్టింది. మావాడు చదవడం లేదు. కాపలా కాస్తున్నాడు. ఇంగ్లీషువాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ అటక మీద వదిలేసిన సామానుకి కాపలా.

కుక్కలూ పిల్లులూ కురిసే వాననే తీసుకోండి. 1738లో గలివర్ కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్, పెద్దమనుషుల నోళ్లలో నలిగి నలిగి అరిగిపోయిన మాటలన్నీ ఏరి, వాటితోనే సంభాషణలు అల్లి వాళ్లను ఎగతాళి చేశాడు. ఆ ఏరిన వాటిలో ఈ కుక్కలూ పిల్లులూ ఉన్నాయి. అంటే 1738 నాటికే అది పాచిపోయిన కూర. దాన్ని మనం ఇప్పుడు వేడి చేసి నాలుగు ఆప్షన్లతో వడ్డిస్తున్నాం. అసలు ఆకాశం నుంచి కుక్కలూ పిల్లులూ ఎందుకు పడ్డాయో ఇంగ్లీషు పండితులే తేల్చలేకపోయారు. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులు వానకు జారి కింద పడేవన్న కథ మావాడి నోట్సులో నక్షత్రం గుర్తుతో ఉంది. అది 1990ల చివర్లో ఈమెయిళ్లలో ఊరేగిన కట్టుకథ. పక్కనే ఉన్న వేల్స్‌లో, వాళ్ల భాషలో, పెద్ద వాన వస్తే ముసలమ్మలూ చేతికర్రలూ కురుస్తాయి. మన దగ్గర కుండపోత. మనవాళ్లకి ఊహాశక్తి తక్కువ, నీళ్లు పడుతుంటే నీళ్ల పాత్రే గుర్తొచ్చింది.

"మరి కుండపోతని ఇంగ్లీషులో ఏమంటారురా?" అని అడిగాను.

"అది సిలబస్‌ల లేదు మామా" అన్నాడు.

బకెట్టు తన్నడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడి మొహం వెలిగింది. "ఇది మనదే గదా, బాల్చీ తన్నుడు!" అన్నాడు. ఇక్కడ వ్యవహారం చాలా సున్నితమైనది, పాఠకులు నిదానంగా చదవాలి. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన ఇంగ్లీషు మోటు మాటలకు నిఘంటువు వేస్తూ, చావడం అనే అర్థంతో ఈ బకెట్టును అందులో చేర్చాడు. అది నీళ్ల బకెట్టు కాదనీ, కోతకు తెచ్చిన పందిని తలకిందులుగా వేలాడదీసే దూలమనీ, ప్రాణం పోతూ పంది కాళ్లు దానికి తగిలేవనీ ఒక వాదన. తర్వాత ఇంగ్లీషువాడు దూలాన్ని మరిచిపోయి నీళ్ల బకెట్టు అనుకున్నాడు. మనవాడు ఆ బకెట్టును నమ్మి బాల్చీ చేశాడు. ఆ బాల్చీ అయినా మనదా అంటే, అది పోర్చుగీసువాడి 'బాల్దే'. కాబట్టి ఒక తెలుగువాడు బాల్చీ తన్నాలంటే తన్ను ఇంగ్లీషువాడిది, బాల్చీ పోర్చుగీసువాడిది, ఆ దూలం వాదనే నిజమైతే అసలు చావు పందిది. మనవాడి వంతు ప్రాణం ఒక్కటే.

బాల్చీలు రాకముందు మనవాళ్లు చచ్చిపోయేవారు కాదా అని మీకు సందేహం రావచ్చు. పోయేవారు, అదీ హోదా ప్రకారం. శైవుడైతే శివైక్యం, వైష్ణవుడైతే పరమపదం. ఊళ్లో పెద్దాయన కాలం చేసేవాడు, ఇంట్లో అమ్మమ్మ కన్నుమూసేది. అప్పు ఎగ్గొట్టినవాడు గుటుక్కుమనేవాడు. మరీ గిట్టనివాడైతే టపా కట్టేసేవాడు. ఒక్క మాటతో పోయినవాడు ఎవరో, చెప్పేవాడికి వాడంటే ఎంత ప్రేమో రెండూ తెలిసిపోయేవి. పన్నెండు వందల్లో మావాడికి చావుకి దొరికిన ఇడియమ్స్ నాలుగు. "నాలుగు చాలు మామా, ఆప్షన్లు నాలుగే" అన్నాడు.

ఇడియమ్‌కి తెలుగులో నుడికారం అనీ జాతీయం అనీ అంటారు. ఇంకో మాట కూడా ఉంది, పలుకుబడి. ఆ మాటకు ఇంకో అర్థం ఉన్నదన్న సంగతి ఉద్యోగార్థులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండో రకం పలుకుబడి ఉన్నవాడు ఈ మొదటి రకం పలుకుబళ్లు బట్టీ పట్టడం నేను ఎక్కడా చూడలేదు.

తర్వాత నీలి చంద్రుడు వచ్చాడు. ఎప్పుడో గానీ జరగని దానికి ఆ మాట వాడతారు. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి నీలి చంద్రుడన్న లెక్క పాతదేమీ కాదు. 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో ఒకాయన పాత పంచాంగాన్ని తప్పుగా చదివి రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆ తప్పు లెక్కనే ఒప్పు అనుకుంటే అది సుమారు రెండున్నరేళ్లకోసారి. ఇదే అర్థంలో మనం వాడేది 'అమావాస్యకో పున్నానికో'. అంటే పదిహేను రోజులకోసారి! అరుదు అంటే తెలుగువాడి దృష్టిలో నెలకు రెండు సార్లన్నమాట. ఇంత ఆశావాదం ఇంకే జాతికి ఉంటుంది? అయితే నోటిఫికేషన్ల విషయంలో ఈ కొలతలు రెండూ పనికిరావు. 2014లో తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది. ఆలోపు నీలి చంద్రుడు 2015లో ఒకసారి, 2018లో రెండు సార్లు, 2020లో ఒకసారి వచ్చి, అశోక్ నగర్ మీదుగా తొంగి చూసి వెళ్లిపోయాడు.

ఇదంతా కుర్రాళ్ల గోల, మనకెందుకు అనుకునే పెద్దలు పొద్దున్నే పేపరు తీసి చూడండి. ఫ్లాట్లు హాట్ కేకుల్లా అమ్ముడుపోయాయని ఉంటుంది. హాట్ కేకు అంటే అమెరికావాడి తియ్య దోసె. దాని కోసం తెలుగునాట జనం ఎగబడటం ఎవరూ చూడలేదు. చినుకు పడితే మిర్చి బజ్జీల బండి దగ్గర ఎగబడటం అందరూ చూశారు. అయినా ఫ్లాట్లు బజ్జీల్లా అమ్ముడుపోయాయని రాస్తే బిల్డరు నొచ్చుకుంటాడు. ఒక పేజీ తిప్పితే ఏదో ప్రాజెక్టు తెల్ల ఏనుగైందని ఉంటుంది. ఇంద్రుడి ఐరావతం కూడా తెల్ల ఏనుగే, మన పురాణాల్లో దాని మేత ఖర్చు గురించి ఫిర్యాదు చేసినవాడు లేడు. ఇంకో పేజీలో బంతి ప్రభుత్వం కోర్టులో ఉందని ఉంటుంది. మా అక్క అది చదివి, "ఇంకా వాయిదాలేనా, తీర్పు రాలేదా?" అని అడిగింది. టెన్నిస్ ఆట గురించి ఆమెకు వివరించడం నా వల్ల కాలేదు. పైగా ఆమె అన్నదాంట్లోనే ఎక్కువ నిజం ఉందనిపించింది.

విమర్శించడం తేలిక. ప్రభుత్వ కొలువుకి ఈ సామాను ఎంత అవసరమో కూడా చెప్పకపోతే నేను పక్షపాతిని అవుతాను. పదకొండో గంట అనే మాట బైబిల్లో ద్రాక్షతోట కూలీల కథలోది. పొద్దు పొడుపు నుంచి లెక్క కాబట్టి పదకొండో గంట అంటే సాయంత్రం ఐదు. పని ముగిసే వేళ అన్నమాట. కుర్రాడు ఇది తెలియకుండా ఆఫీసులో చేరితే పదకొండు అంటే పని మొదలయ్యే వేళ అనుకునే ప్రమాదం ఉంది. అలాగే గుడ్డి కన్ను తిప్పడం, అంటే చూసీ చూడనట్టు ఉండటం. 1801లో కోపెన్‌హాగన్ యుద్ధంలో పై అధికారి వెనక్కి రమ్మని జెండాలతో సంకేతం ఇస్తే, ఇంగ్లండు నౌకాదళ సేనాని నెల్సన్ చూపు లేని కంటికి దుర్భిణి పెట్టుకుని నాకేమీ కనబడటం లేదన్నాడని కథ. ఆ ఒక్క ధిక్కారానికి ఇంగ్లండు రెండు శతాబ్దాలుగా మురిసిపోతోంది. మన దగ్గర రెండు కళ్లూ బాగున్నవాళ్లు, దుర్భిణి కూడా అడక్కుండా, ఈ విద్యను రోజువారీ పనిగా చేస్తున్నారు. ఇక ఆఫీసుల్లో జాప్యాన్ని తిట్టే ఎర్ర టేపు సంగతి. ఒకప్పుడు అక్కడి ఆఫీసు కాగితాలను నిజంగానే ఎర్ర నాడాతో కట్టేవారు. అక్కడి లాయర్ల కట్టలకు ఇప్పటికీ గులాబీ రంగు నాడా ఉంటుంది. వాళ్ల దగ్గర ఆ మాట తిట్టుగా మిగిలింది. మనం నాడానీ ఉంచుకున్నాం, తిట్టునీ ఉంచుకున్నాం, ఆ రెంటి మధ్యన ఫైలునూ ఉంచుకున్నాం.

అందుకే నాదొక విన్నపం. పల్నాడులో కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరు ఇప్పుడు లండన్ టవర్‌లో అద్దాల వెనక ఉంది. తిరిగి ఇమ్మంటే ఇవ్వరు, జాగ్రత్తగా చూసుకుంటున్నాం కదా అన్నట్టు ఉంటారు. సరే. వాళ్ల ఇడియమ్స్ మన దగ్గర ఉన్నాయి, మనమూ జాగ్రత్తగానే చూసుకుంటున్నాం. ఇకపై బ్రిటన్ ప్రధాని ఎవరైనా మన దేశం వచ్చి ప్రసంగంలో ఒక ఇడియమ్ వాడితే, దానికి టికెట్టు పెట్టాలి. ఆ వసూళ్లతో చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాన్లు వేయించవచ్చు.

ఈ విన్నపం మీద సంతకాలు సేకరిద్దామని అనుకుంటుండగా మావాడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్టు పెట్టారు. న్యూకాజిల్‌కి బొగ్గు మోసుకెళ్లడం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. పుస్తకంలో జవాబు స్పష్టంగా ఉంది: అనవసరమైన పని. ఎందుకంటే న్యూకాజిల్ బొగ్గుకి పుట్టినిల్లు. కానీ ఆదివారం నాడు మావాడి ముందు నేను జ్ఞానం ప్రదర్శించి ఉన్నాను. బ్రిటన్‌లో చివరి లోతు బొగ్గు గని, యార్క్‌షైర్‌లోని కెల్లింగ్లీ, 2015 డిసెంబరులో మూతపడిందని చెప్పాను. వాడు బొగ్గు గనుల గోదావరిఖని బిడ్డ. బొగ్గు విషయంలో సొంత బుద్ధి ఉపయోగించాడు. గనులు మూసేసిన ఊరికి బొగ్గు తీసుకెళ్తే మంచి బేరమే కదా అని 'లాభసాటి వ్యాపారం' అన్న ఆప్షన్ పెట్టాడు. రావలసిన 2 పోయాయి, ఉన్నదాంట్లో అర కోసేశారు.

వాడి తరఫున అభ్యంతరం రాద్దామని కూర్చున్నాను. రెండు పేరాలు రాశాక గుర్తొచ్చింది, 2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో చివరి బొగ్గు కరెంటు కేంద్రం కూడా ఆగిపోయింది. అంటే ఒకప్పుడు అక్కడ బొగ్గు ఎక్కువై అది పనికిమాలిన పని, ఇప్పుడు కాల్చేవాడు లేక పనికిమాలిన పని. ఎటు తిప్పినా కోచింగ్ సెంటర్‌దే ఒప్పు. కాగితం చింపేశాను.

ఈ మార్కుల గొడవ మా బావ చెవిన పడింది. ముప్పై ఏళ్లు సింగరేణిలో బాయి పని, అంటే గని పని, చేసి దిగినవాడు; ఆర్జీ-వన్, టూ, త్రీ అని అక్కడి గనుల ఏరియాల పేర్లే ఆయన భూగోళం. సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఏదో బొగ్గు మోసే ముచ్చట్ల పోరగానికి మార్కులు పోయినయంట. ఆ న్యూకాజిల్ ఎక్కడుంటది, ఆర్జీ-త్రీ దాటినంకనా?"

"ఇంగ్లండ్‌లో బావా."

కాసేపు ఏం మాట్లాడలేదు.

"మరి కిరాయి ఎవడిస్తడంట?"