నలభై పౌండ్ల తల

ఎక్కడ నేరం జరిగినా మనవాళ్లది ఒకటే మాట: "కోర్టులు, వాయిదాలు ఎందుకండీ, పట్టుకుని ఉరి తీసేస్తే భయం అదే వస్తుంది." 18వ శతాబ్దంలో ఇంగ్లండు సరిగ్గా ఇదే నమ్మింది. అక్కడ గొర్రెని ఎత్తుకుపోయినా ఉరే, షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు) దాటితే జేబు కొట్టినా ఉరే. శతాబ్దం చివరికి మరణశిక్ష పడే నేరాలు సుమారు 200 అయ్యాయి. దొంగతనాలు ఆగాయా? లేదు.

ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే చావే. అందుకే లండన్ క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో జ్యూరీలు, అంటే నేరం తేల్చే పౌరుల బృందాలు, జాలిపడినప్పుడల్లా ఆ సొత్తు విలువ 39 షిల్లింగులని తేల్చేసేవి. చట్టం అంత కఠినంగా ఉంటే, ప్రమాణం చేసి కూర్చున్న పెద్దమనుషులే అబద్ధమాడాల్సి వచ్చింది!

ఆ జాలి అందరికీ దక్కలేదు. మేరీ జోన్స్ అనే యువతి భర్తని నౌకాదళం బలవంతంగా లాక్కుపోయింది. ఇద్దరు పిల్లలతో వీధిన పడింది. లండన్‌లోని లడ్‌గేట్ హిల్‌లో ఒక దుకాణంలో మస్లిన్ అనే పల్చటి నూలు గుడ్డ దొంగిలించిందని 1771లో ఉరి తీశారు. ఉరి తీసే చోటు టైబర్న్‌కి బయల్దేరేటప్పుడు చంటిబిడ్డ ఆమె పాలు తాగుతోందని 1777లో విలియం మెరెడిత్ అనే సభ్యుడు పార్లమెంటులో చెప్పాడు. ఆమె చావుతో ఎవరికి భయం వచ్చిందో నాకైతే అర్థం కాదు.

అసలు దొంగల సంగతి చూడండి. 1829 దాకా లండన్‌కి ఇప్పటిలాంటి పోలీసు శాఖ లేదు. దానికి బదులు సర్కారు డబ్బు ఆశ చూపింది: దారిదోపిడీగాడికి శిక్ష పడేలా చేస్తే 40 పౌండ్లు. జొనాథన్ వైల్డ్ అనేవాడు దీని మీదే బతికాడు. తన ముఠా కొట్టేసిన సొమ్మునే, పోగొట్టుకున్నవాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుని తిరిగి ఇప్పించేవాడు. మాట వినని దొంగని పట్టిచ్చి బహుమతీ తీసుకునేవాడు. ఊరంతా వాణ్ణి దొంగల పాలిట యముడని మెచ్చుకుంది. చివరికి పోయిన లేసు అల్లిక బట్ట తిరిగి ఇప్పించి 10 గినీలు (అప్పటి బంగారు నాణేలు) పుచ్చుకున్న కేసులో 1725లో వాడూ ఉరికంబం ఎక్కాడు.

వాడు పోయినా 40 పౌండ్లు పోలేదు కదా. బహుమతుల కోసం దొంగల్ని పట్టిచ్చే మెక్‌డానియెల్ ముఠా అయితే దొంగల్ని వెతికే శ్రమ కూడా మానేసింది. దోపిడీ నాటకమాడి, అమాయకుల్ని ఇరికించి, అబద్ధపు సాక్ష్యం చెప్పి బహుమతి తీసుకునేది. 1754లో జాషువా కిడెన్ అలాగే ఉరికెక్కాడు, ఏ పాపం ఎరగడు. ముద్దాయి వకీలుకి జ్యూరీతో నేరుగా మాట్లాడే హక్కే లేని రోజులవి. అది 1836లో గానీ రాలేదు. ఇక నిరపరాధి గోడు ఎవరు చెప్తారు?

గుట్టు బయటపడ్డాక ముఠాలోని ఈగన్‌ అనేవాణ్ణి 1756లో లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో శిక్షగా జనం మధ్య కొయ్యకి బిగించి నిలబెడితే, జనం రాళ్లతో కొట్టి చంపేశారు. కోపం తీరింది. బహుమతి చట్టం మాత్రం 1818 దాకా అలాగే ఉంది.