సైకిలుకు రాచరోగం

పాలవాడి సైకిలుకు రాని జబ్బు ఒకటుంది. రెండు పక్కలా క్యాన్లు వేలాడేసుకుని, వెనక గడ్డిమోపు కూడా ఎత్తుకుని, ఏళ్ల తరబడి తుప్పుతో సంసారం చేస్తున్న ఆ సైకిలును ఎంత శోధించినా దాని లక్షణాలు కనబడవు. చైను సాగుతుంది, పెడల్ ఊడుతుంది, బ్రేకు సంగతి సరేసరి. వెనక హబ్ మీద పళ్లచక్రాలు కూర్చునే గొట్టం, అంటే ఫ్రీహబ్ బాడీ, దాని మీద గాట్లు మాత్రం పడవు. పడటానికి దానికి ఫ్రీహబ్ బాడీ ఉంటేగా! ఉన్నదల్లా మరలతో హబ్ మీదికి బిగిసే ఉక్కు ఫ్రీవీలు. తొక్కినకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి చవక సైకిళ్ల వాళ్లు ఈ వ్యాసాన్ని ఇక్కడే వదిలేసి తమ పని చూసుకోవచ్చు. ఇది స్థాయి ఉన్నవాళ్ల కష్టం.

ఆ స్థాయి ఎక్కడ మొదలవుతుందో చెప్పాలి. గేర్ల సైకిళ్లలోనూ చవకవాటికి ఆ మరల ఫ్రీవీలే, కాకపోతే పళ్లచక్రాలు ఏడుంటాయి. ఇంకొంచెం డబ్బు పెడితే ఫ్రీహబ్ వస్తుంది. అంటే వెనక హబ్‌కు కుడివైపు గాడులు చెక్కిన గొట్టం, దాని మీదికి జారించే పళ్లచక్రాల గుత్తి అయిన క్యాసెట్, అది ఊడకుండా చివర ఒక లాక్‌రింగ్. సైకిలు భాగాలు చేసే షిమానో వారు 1978లో ఈ ఏర్పాటును బజారుకు తెచ్చారు. గొట్టం ఉక్కుదైనంత కాలం అంతా ఆరోగ్యమే. ఇంకా డబ్బు పెట్టండి. అప్పుడు, అంత పెట్టినందుకు ప్రతిఫలంగా, ఆ గొట్టాన్ని అల్యూమినియంతో చేసి ఇస్తారు. బరువు తగ్గుతుంది. ఎంత అని అడిగితే కోడిగుడ్డంత, మహా అయితే రెండు గుడ్లంత. ఆదివారం పొద్దున అనంతగిరి దాకా తొక్కి, వికారాబాదులో ఆగి, అవే గుడ్లను ఆమ్లెట్ రూపంలో తిరిగి ఎక్కించుకునే సౌలభ్యం ఎలాగూ ఉంది.

రోగం సోకే తీరు చాలా సూటిగా ఉంటుంది. చైను పళ్లచక్రాన్ని లాగుతుంది. పళ్లచక్రం లోపలి అంచు గొట్టం మీద గాడుల మధ్య ఉన్న గట్లను నెడుతుంది. చక్రం ఉక్కు, మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. గట్టు అల్యూమినియం. ఆ సన్నటి అంచు మీద ఎనభై కిలోల మనిషి ఘాట్ రోడ్డు ఎక్కుతూ లేచి నిలబడి తొక్కితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. పట్టాలున్నవాళ్లే చేశారు కాబట్టి అడగడం కూడా మర్యాద కాదు. పైగా గేర్లు ఏడు నుంచి పన్నెండుకు పాకాయి. వాటికి దొరికిన చోటు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అందుకని చక్రాలను ఇంకా పల్చన చేశారు. కత్తికి పదును పెట్టాక మెడను మెత్తబరచడమే మిగిలింది, అదీ అయింది.

ఇందులో మన పొదుపరితనం పాత్రను తక్కువ చేయకూడదు. చక్రం ఎంత పెద్దదైతే అదే చైను లాగుడుకు మెలితిప్పే బలం అంత ఎక్కువ. అందుకే మంచి క్యాసెట్లలో పెద్ద చక్రాలను స్పైడర్ అనే ఒకే చట్రానికి రివెట్లతో బిగిస్తారు. భారాన్ని అన్నీ కలిసి గట్టు వెడల్పంతా పంచుకుంటాయి. చవక క్యాసెట్లో దేని బతుకు దానిదే. సన్నటి పిన్నులు రెండు మూడు ఉన్నా, అవి చక్రాలు చెల్లాచెదురు కాకుండా ఉంచడానికే తప్ప భారం మోయడానికి కాదు. సైకిలు ముందు వెనక చక్రాల జతకు లక్ష పోసిన పెద్దమనిషికి సరిగ్గా క్యాసెట్ దగ్గరే పొదుపు గుర్తుకొస్తుంది. ఇంట్లో కూడా లక్ష సంగతి దాచి, క్యాసెట్ మీద మిగిల్చిన రెండు వేల సంగతే చెబుతాడు.

రోగం ముదిరిందని తెలిసేది క్యాసెట్ మార్చే రోజున. లాక్‌రింగ్ విప్పగానే చిన్న చక్రాలు రెండు మూడు బుద్ధిగా చేతిలో పడతాయి. తర్వాతది రాదు. లాగితే రాదు, బతిమాలితే రాదు. అది గట్టులోకి కోసుకుపోయి అక్కడే కాపురం పెట్టింది. ఈ దశలో గల్లీ చివర సైకిలు షాపుకు తీసుకెళ్తే ఆ పెద్దాయన గొట్టాన్ని గోటితో గీకి చూసి, "గింత మెత్తటిది ఏసిండ్రేంది సార్? పైసలు తక్కువ పడ్డయా?" అని జాలిపడతాడు. పైసలు ఎక్కువై మెత్తటిది కొన్నామని ఆయనకు ఒప్పించగల భాష మన దగ్గర లేదు. ఏసీ షోరూముకు వెళ్తే ఆ సమస్య రాదు. వాళ్లకు అన్నీ తెలుసు. "హబ్ మార్చాల్సిందే సార్" అంటారు, చక్రం వంక చూడకుండానే.

కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. షిమానో వారు తమ ఖరీదైన రేసు భాగాల శ్రేణి డ్యూరా-ఏస్ 7800 తరంలో అల్యూమినియం గొట్టం మీద గట్ల ఎత్తు పెంచారు. గాట్ల బెడద తగ్గింది, పాత తొమ్మిది గేర్ల క్యాసెట్లు ఎక్కడం కూడా మానేశాయి. ఆ పైన టైటానియంకు వెళ్లారు. కాంపాగ్నోలో వారివి లోతైన గాడులు కాబట్టి ఆ ఇంట్లో ఈ ఏడుపు తక్కువ, బిల్లు దగ్గర ఏడ్చేది ఎలాగూ ఉంది. గొట్టం ఆకారమే మార్చి 2012లో స్రామ్ వారు ఎక్స్‌డీ అన్నారు, 2018లో షిమానో వారు మైక్రో స్ప్లైన్ అన్నారు. ప్రతి కొత్త మందుకూ కొత్త క్యాసెట్ పథ్యం. అన్నిటికన్నా మాకు నచ్చిన చికిత్స నోవాటెక్ వారిది: అల్యూమినియం గట్టు పక్కన సన్నటి ఉక్కు పట్టీ పొదుగుతారు. ఉక్కును తీసేసి అల్యూమినియం పెట్టడం ప్రగతి. ఆ అల్యూమినియంకు ఉక్కు అతికించడం మరింత ప్రగతి. ఈ వేగంతో పోతే మొత్తం ఉక్కుతోనే చేసి నమ్మశక్యం కాని ధరకు అమ్మే రోజు ఎంతో దూరంలో లేదు.

ఇక చెప్పకూడనిది చెప్పాలి. ఇది చాలామటుకు ప్రాణం తీసే రోగం కాదు. చైను ముక్క తగిలించిన పిడి లాంటి చైన్ విప్ ఒకదానితో ఒక చక్రాన్ని పట్టుకుని, ఇంకోదానితో ఇరుక్కున్నదాన్ని తొక్కే దిశకు ఎదురుగా తిప్పితే గాటులోంచి ఊడివస్తుంది. గాటు పక్కన లేచిన బుడిపెను చిన్న ఆకురాయితో సాపు చేయాలి. గాటును పూడ్చనక్కర్లేదు, గట్టు మొత్తాన్ని అరగదీయనూ కూడదు. తుడిచి, పల్చగా గ్రీజు రాసి, లాక్‌రింగును 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. చాలా లాక్‌రింగుల మీద ఆ 40 అచ్చేసే ఉంటుంది. చదివే అలవాటున్నవాళ్లకు పనికొస్తుంది. బిగుతు చాలకపోతే చక్రాలు కదిలి కదిలి ఇంకా కోస్తాయి. గాట్లు గట్టులోకి బాగా దిగి, చక్రాలు ఒకదానికొకటి తిరిగిపోయి, గేరు సాఫీగా మారడానికి చెక్కిన వాలులు వరస తప్పినప్పుడు మాత్రం గొట్టం మార్చక తప్పదు. చాలా హబ్‌లకు గొట్టం ఒక్కటే విడిగా దొరుకుతుంది. షోరూములో ఈ ముక్క చెప్పడం మరిచిపోతుంటారు, పని ఒత్తిడి.

కానీ ఆకురాయితో నయమయ్యేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? మాకు తెలిసిన ఒక రైడింగ్ బృందంలో ఇప్పుడు నడుస్తున్న చర్చ వేరు. కొత్త గొట్టం ఎరుపు రంగుదా, బంగారు రంగుదా అని. క్యాసెట్ కింద దాక్కుని, ఏడాదికోసారి విప్పితే తప్ప భగవంతుడికి కూడా కనబడని భాగానికి రంగు ఎందుకని ఒక కుర్రాడు అడిగితే, పెద్దలు చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు. చివరికి ఎరుపు ఖాయమైంది. ఉక్కుదైతే ఈ బెడద ఉండదు కదా అని ఎవరో అన్నారు గానీ, ఆ మెరిసే ఎరుపు ఆనోడైజింగ్ ఉక్కుకు ఎక్కదట. అందుకని మళ్లీ అల్యూమినియందే తెప్పిస్తున్నారు.